నేను సంతకం చేసిన పిస్తోలు

ముప్పై ఒక్క ఏళ్లు నేను తుపాకులను చెడగొట్టడానికి ప్రయత్నించాను. చెడగొట్టలేకపోయిన రోజున కాగితం మీద సంతకం పెట్టేదాన్ని. నా ఉద్యోగం మొత్తం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. ప్రమోషన్లు, మీటింగులు, వీడ్కోలు రోజున ఇచ్చిన పూలగుత్తి మీకెందుకూ పనికిరావు, వాటిని వదిలేస్తున్నాను.

మాది హన్మకొండ. మెకానికల్ ఇంజినీరింగ్ అయ్యాక లోహాల పరీక్షల మీద పైచదువుకు జర్మనీ వచ్చాను. హానోవర్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊళ్లో, ఆయుధాలను పరీక్షించే ఒక ల్యాబులో చేరి అక్కడే రిటైరయ్యాను. ల్యాబు పేరు రాయను. భయపడి కాదు. తప్పు చేసింది ల్యాబు గోడలు కాదు, నేనూ, నాతో పనిచేసిన మరొకరూ.

మా పని ఏమిటంటే, తుపాకులు తయారుచేసే కంపెనీ కొత్త నమూనా ఒకటి పంపుతుంది. దాన్ని ఎవరైనా చట్టం ఒప్పుకోని ఆయుధంగా సులువుగా మార్చగలరా అని మేం తేల్చాలి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండు పేలాలి. నొక్కి పట్టుకుంటే మేగజీన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉండేలా దాన్ని ఎవరైనా మార్చేస్తే, అది ఇక పిస్తోలు కాదు, యుద్ధంలో వాడే వస్తువు. అలా మారదు అని ధైర్యంగా చెప్పడానికి, మార్చడానికి మేమే ముందు ప్రయత్నించాలి.

హానోవర్‌లో మనవాళ్ల ఫంక్షన్లలో ఏం చేస్తారని అడిగితే టెస్టింగ్ అనేదాన్ని. సాఫ్ట్‌వేర్ అనుకుని, మాన్యువలా, ఆటోమేషనా అని వెంటనే రెండో ప్రశ్న వచ్చేది. మాన్యువల్ అని చెప్పి పులిహోర వడ్డించుకునేదాన్ని. అబద్ధం చెప్పినట్టూ కాదు, వాళ్లు నా దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయే ప్రమాదమూ ఉండదు.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఇక్కడ చదువు ముగించి పరీక్షల ఉద్యోగాల్లో చేరుతున్నారు. బ్రేకులు, బ్యాటరీలు, చంటిపిల్లల కారు సీట్లు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. మీ సంతకం మీతోపాటు రిటైర్ కాదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

బౌమార్క్ట్ పెట్టె

నా పై అధికారి హెర్ లిండెమన్. పేరు ముందు మగవాళ్లకు హెర్, ఆడవాళ్లకు ఫ్రావ్ అని పెట్టి పిలుస్తారిక్కడ. బూడిదరంగు పనికోటు, జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్కేలు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆయన మీద వచ్చినంత కోపమూ ఎవరి మీదా రాలేదు. ఇద్దరం ఇరవై ఏళ్లు ఒకే గదిలో పనిచేసినా ఒకరినొకరు "మీరు" అనే అనుకున్నాం.

ఇక్కడ ప్రతి ఇంటి కిందా కెల్లర్ అని ఒక నేలమాళిగ ఉంటుంది. మగవాళ్లు సగం జీవితం అందులో ఏదో ఒకటి కోస్తూ, రుద్దుతూ గడిపేస్తారు. ఒక మామూలు మనిషి కెల్లర్‌లో ఏ పనిముట్లు ఉంటాయో అవి మాత్రమే వాడి తుపాకీని మార్చడానికి ప్రయత్నించాలని మా నియమం. అందుకని మా గదిలో ఒక పచ్చరంగు పెట్టె ఉండేది. సుత్తి, రంపం, ఆకురాళ్లు, డ్రిల్లింగ్ మెషీన్, స్క్రూడ్రైవర్లు. మూత లోపలివైపు వాటి జాబితా అంటించి ఉండేది.

ఏటా ఒకసారి లిండెమన్ నన్ను వెంటబెట్టుకుని బౌమార్క్ట్‌కి వెళ్లేవారు. ఇంటి మరమ్మతు సామాన్లన్నీ దొరికే పెద్ద దుకాణం అది. ప్రతి అల్మరా ముందూ ఆగి, కొత్తగా వచ్చిన పనిముట్లు చూసి, ఇది ఎవరికైనా అమ్ముతారా, లైసెన్సు అడుగుతారా అని సేల్స్‌మన్‌ని విసిగించి జాబితా సవరించేవారు. బౌమార్క్ట్‌లో దొరకనిది పెట్టెలో ఉండకూడదు, దొరికేది లేకుండా ఉండకూడదు. ఎంత నిజాయితీ అయిన పద్ధతి అని నేను మురిసిపోయేదాన్ని. ఉత్తరాల్లో మా నాన్నకు కూడా రాశాను. వరంగల్‌లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్ ఆయన, ఈ పెట్టె సంగతి చదివి చాలా సంతోషపడ్డారు.

పెట్టెలో లోపం ఉందని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఎర్ర పొడి

ముందు నా మొదటి తప్పు చెప్పాలి. నవ్వుకోండి, పరవాలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు విజయదశమి పనిరోజున పడింది. మా నాన్న షెడ్డులో దసరా నాడు పానాకీ సుత్తికీ బొట్టు పెట్టందే పని మొదలయ్యేది కాదు. నాకూ చెయ్యి ఊరుకోలేదు. అందరికన్నా ముందు వెళ్లి బెంచ్ వైస్‌కీ, ఆకురాళ్లకీ, డ్రిల్లుకీ పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకుని, ఎవరూ రాకముందే తుడిచేశాను. బాగానే తుడిచాననుకున్నాను.

వారం తర్వాత పోలీసులు ఒక కేసులో పట్టుకున్న తుపాకీ పంపారు. దాన్ని అదే వైస్‌లో బిగించి పరిశీలించాం. తర్వాత రసాయన పరీక్షలో దానిమీద ఒక వింత ఎర్ర పొడి కనబడింది. దర్యాప్తు చేస్తున్న యువ పోలీసు అధికారి ఫ్రావ్ కోయ్‌లర్‌కి అది పెద్ద ఆధారంలా తోచింది. ఇద్దరు మనుషులను పంపి నిందితుడి కెల్లర్ అంతా రోజంతా ఎర్ర పొడి కోసం జల్లెడ పట్టించింది. పాపం, అక్కడ బంగాళాదుంపల బస్తా తప్ప ఏమీ దొరకలేదు.

ఒక రోజంతా నోరు మెదపలేదు నేను. మర్నాడు లిండెమన్ ముందు నిలబడి చెప్పేశాను. పంపించేస్తారనుకున్నాను. ఆయన నివేదిక తెప్పించి మొదటి పేజీ నా ముందు పెట్టారు.

"మొదటి వాక్యంగా రాయండి. ఎర్ర పొడి నాది అని. తప్పు చివర్లో రాస్తే క్షమాపణలా ఉంటుంది, మొదట్లో రాస్తే సమాచారం అవుతుంది."

రాశాను. కోర్టులో డిఫెన్స్ లాయరు ఆ వాక్యం పట్టుకుని గంటసేపు ఆడుకున్నాడు. ఆయుధపూజ అంటే ఏమిటో జడ్జికి వివరించాల్సి వచ్చింది. తుపాకీకి పూజ చేస్తారా అని ఆయన కాస్త కంగారుపడ్డారు. తుపాకీకి కాదండీ, ఆకురాయికి అన్నాను. తప్పు నేనే ఒప్పుకున్నాను కాబట్టి మిగతా నివేదికను కోర్టు నమ్మింది. ఆ తర్వాత లిండెమన్ కిటికీ దగ్గర ఒక బల్ల వేయించి, దీనిమీద సాక్ష్యాలు పెట్టరాదు అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించారు. ప్రతి ఏడూ ఈసారి మీ పండగ ఎప్పుడు అని ఆయనే గుర్తుచేసి అడిగేవారు.

మనిషి మంచివాడని చెప్పడానికి ఇదంతా రాయలేదు. అంత మంచి పాఠం చెప్పినవాడే దాన్ని ఎలా మరిచిపోయాడో మీకు తెలియాలి.

సంతకం

నా రిటైర్మెంటుకు చాలా ఏళ్ల ముందు ఒక కంపెనీ కొత్త పిస్తోలు పంపింది. చక్కని పనితనం. నేను పచ్చ పెట్టె తెరిచి కూర్చున్నాను. మా నియమం అనుమతించిన సమయమంతా వాడుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి. పిస్తోలు లొంగలేదు. నేను ఎలా ప్రయత్నించానో ఇక్కడ రాయను, అది ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు.

చివరికి ఇలా రాశాను. ఈ పిస్తోలును ఇళ్లలో ఉండే మామూలు పనిముట్లతో నిరంతర కాల్పుల ఆయుధంగా మార్చడం సాధ్యం కాదు. కింద సంతకం, మాచర్ల వసంత. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆయనకు వేళ్లు చూపించి గొప్పగా చెప్పుకున్నాను.

నాలుగేళ్లు గడిచాయి. ఒక రోజు పొద్దున ఫ్రావ్ కోయ్‌లర్ స్వయంగా వచ్చింది. అప్పటికి ఆమె పెద్ద అధికారి. ప్లాస్టిక్ సంచీలో అదే మోడల్ పిస్తోలు. వెనకభాగాన బొటనవేలి గోరంత ముక్క ఒకటి అదనంగా ఉంది. అది తగిలిస్తే చాలు, ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ పేలుతూనే ఉంటుంది. ఏ ఆకురాయీ తగిలిన గుర్తు లేదు. రంపం గాటు లేదు. ఆ ముక్క ఎక్కడో తయారై మామూలు పార్సిల్‌లో, బొమ్మల సామాను అని రాసిన పెట్టెలో వచ్చిందట. కొన్నవాడికి సుత్తి పట్టుకోవడం కూడా సరిగా రాదట.

కోయ్‌లర్ నా కాగితం కాపీ వెంట తెచ్చుకుంది. దాన్ని బల్లమీద పరిచి, ఇందులో సాధ్యం కాదని ఉందే అంది. వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది.

కెల్లర్‌లో ఏముంటుందో మేం చూశాం. తలుపు దగ్గరికి పోస్ట్‌మాన్ ఏం తెస్తాడో చూడలేదు. మేం దుకాణానికి వెళ్లి అల్మరాలు లెక్కపెడుతున్న ఆ ఏళ్లలోనే మనుషులు దుకాణాలకు వెళ్లడం మానేస్తున్నారు. పరీక్ష చేసేవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు ఇది. పరీక్ష మీద మాకు అంత నమ్మకం.

ఫ్రావ్ ఐదన్

ఆ పిస్తోలు ఒక మధ్యాహ్నం ట్రామ్ స్టాపు దగ్గర ఇద్దరు కుర్రాళ్ల గొడవలో పేలింది. పట్టుకున్నవాడు ఒకసారే నొక్కాడు. ఆపడం వాడికి తెలియలేదు. గొడవపడ్డ ఇద్దరికీ ఏం కాలేదు. స్టాపులో కూరగాయల సంచీతో నిలబడ్డ ఫ్రావ్ ఐదన్ అనే ఆవిడ కుడిచేతికి తగిలింది. ఊళ్లో బట్టలు సరిచేసే చిన్న కుట్టుపని దుకాణం ఆమెది. ప్యాంట్లు పొట్టిచేయడం, జిప్పులు మార్చడం. మా ఆయన కోటు కూడా ఒకసారి అక్కడే బాగుచేయించాం.

కోర్టులో నిపుణురాలిగా నన్ను పిలిచారు. నా సాక్ష్యం అయ్యాక బయట బెంచీ మీద ఆమె ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంది. ఆ చేతి వేళ్లు మూడు ఇక ముడవవు. నేను ఎవరో ఆమెకు తెలిసింది, లోపల అంతా విన్నది కదా. పక్కన కూర్చోమంది.

"మీరు పరీక్ష చేశారు కదా," అంది. "నేను తప్పు కుట్టు వేస్తే విప్పి మళ్లీ కుడతాను. మీరు ఏం చేస్తారు?"

కోపంగా అనుంటే బాగుండేది. కోపానికి నేను ఏదో ఒకటి చెప్పగలను. విప్పుతానండీ అని మాట ఇచ్చాను.

నోరు మూసుకోవడం

మర్నాడే లిండెమన్ గదికి వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకుందాం అన్నాను. కంపెనీకీ, ప్రభుత్వానికీ ఉత్తరం రాద్దాం, మా పరీక్షకు ఈ సంగతి అందలేదని చెబుదాం అన్నాను. ఆయన చాలాసేపు స్కేలు తిప్పుతూ కూర్చున్నారు. ఆ కాగితంలో తప్పేం లేదు అన్నారు. పనిముట్లతో మారుతుందా అన్నది ప్రశ్న, మారదు అన్నది జవాబు, ఇవాళ్టికీ అది నిజమే అన్నారు. పైగా ఒక కాగితం వెనక్కి తీసుకుంటే మన మిగతా కాగితాలన్నిటినీ జనం అనుమానిస్తారు అన్నారు.

ఎర్ర పొడి సంగతి గుర్తుచేశాను. అది వేరు, ఇది వేరు అన్నారు. ఏం వేరో చెప్పలేదు. అప్పుడు ఆయన రిటైర్మెంటుకు కొద్ది నెలలే ఉన్నాయి.

నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. పోట్లాడలేదు. ఫైల్లో ఒక పేజీ నోట్ రాసి పెట్టాను. అది గది దాటి బయటికి వెళ్లదని నాకు తెలుసు. తర్వాత లిండెమన్ స్థానంలో నేను పెద్దనయ్యాక పరీక్ష పద్ధతి మార్పించాను. బయట దొరికే విడి ముక్కలతో కూడా ప్రయత్నించి చూడాలని కొత్త నియమం పెట్టించాను. వేరే కంపెనీల పిస్తోళ్లు కొన్నింటికి ఆ ముక్క అసలు అతకనే అతకదని నా చేతులతోనే తేల్చాను. అంటే వెనకభాగాన్ని వేరేలా తయారుచేయడం కుదురుతుంది, అలా తయారుచేసేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేశానని కొన్నాళ్లు నన్ను నేను జోకొట్టుకున్నాను. పాత కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది, నా సంతకంతో. ఫ్రావ్ ఐదన్ దుకాణం మూతపడింది. ఆ వీధి గుండా వెళ్లడం మానేశాను.

లిండెమన్‌ది పిరికితనం అని అప్పుడు ఇంట్లో తిట్టుకునేదాన్ని. నాదీ అదే. కాకపోతే ఆయన నిద్రపోయారు, నాకు పట్టలేదు. ఈ తేడాతో ఫ్రావ్ ఐదన్‌కి వేళ్లు తిరిగి రావు.

శ్రావణి అడిగిన ప్రశ్న

రిటైరయ్యాక మూడో ఏడు ఇది. శ్రావణి అని కరీంనగర్ అమ్మాయి. హానోవర్‌లో చదువుకునేటప్పుడు మా ఇంటికి వచ్చిపోతుండేది. ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్ దగ్గర ఒక చోట బ్యాటరీలు పరీక్షిస్తోంది. వస్తువులను జనం ఎలా తప్పుగా వాడతారో ముందే ఊహించడం గురించి ఆఫీసులో ఏదో శిక్షణ ఉంటే, దానికోసం ఇంటర్‌నెట్‌లో వెతుకుతోందట. అమెరికాలో ఒక రాష్ట్రపు చట్టసభ కమిటీ విచారణ వీడియో కనబడింది.

అక్కడ ఒక బిల్లు పెట్టారు. చిన్న ముక్క తగిలిస్తే నిరంతరం పేలేలా మారిపోయే పిస్తోళ్లను ఆ రాష్ట్రంలో అమ్మకూడదని. కంపెనీ తరఫు మనిషి లేచి, మా పిస్తోలు అలా మారదని జర్మనీ ల్యాబు ఎప్పుడో తేల్చింది అంటూ ఒక కాగితం తెరమీద వేశాడు. అక్కడితో ఆగలేదు. బిల్లులో ఉన్న మాట తీసేసి, "ఇళ్లలో ఉండే మామూలు పనిముట్లతో" మార్చగలిగినవి మాత్రమే అని పెట్టండి, జర్మన్ ల్యాబు వాడిన వాక్యం అదే కదా అన్నాడు. నా వాక్యం అది. దాన్ని చట్టంలో పెడితే ఆ పిస్తోలు ఎప్పటికీ చట్టానికి దొరకదు.

శ్రావణి ఫోను చేసింది. ఆ సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తాను.

"ఆంటీ, ఒక్కటడుగుత, కోపం చెయ్యొద్దు. గా కాగితం మీద సంతకం మీదే కదా?"

"నాదే."

"మరి గది అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"అయితే నిజమా?"

"నిజం కూడ కాదు బిడ్డా."

తర్వాత మెల్లగా అడిగింది. "మరి ఇన్నేండ్లు ఎట్ల ఊకున్నరు ఆంటీ?"

ఆ పిల్లకు రేపు ఇలాంటి కాగితమే వస్తుంది. బ్యాటరీ మీద. నేను ఏ ముఖం పెట్టుకుని సలహా ఇవ్వను? ఫోను పెట్టేసి, ఆ రోజే కమిటీకి ఉత్తరం రాశాను. ఆ సంతకం నాది, ఆ వాక్యాన్ని మీ చట్టంలో పెట్టకండి, ఎందుకో చెప్పడానికి నాకు సమయం ఇవ్వండి అని. వారంలో జవాబు వచ్చింది. వీడియోలో మాట్లాడవచ్చు, రెండు నిమిషాలు.

ల్యాబుకూ ఒక మాట చెప్పాలనిపించి ఇప్పటి పెద్ద డాక్టర్ ఫెల్డ్‌మన్‌కి తెలియజేశాను. నా కింద ట్రైనీగా చేరినవాడు. మర్యాదస్తుడు. గంటలో ఫోను చేశాడు. ఉద్యోగపు ఒప్పందంలో గోప్యత జీవితాంతం వర్తిస్తుందని గుర్తుచేశాడు. ల్యాబు పరువు, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల ఉద్యోగాలు, కోర్టు నోటీసులు అన్నీ వరసగా చెప్పాడు. చివరికి కొంచెం బతిమాలినట్టే మాట్లాడాడు.

"ఫ్రావ్ మాచర్ల, మీరు రిటైరయ్యారు. ఇది మీ పని కాదు ఇప్పుడు."

"ఆ కాగితాన్ని బజార్లో పెట్టింది నేను కాదు, కంపెనీ," అన్నాను. "దానిమీద ల్యాబు ముద్ర ఒక మూలన ఉంది. మధ్యలో ఉన్నది నా పేరు. నా పేరుతో వాళ్లు మాట్లాడొచ్చు, నేను మాట్లాడకూడదా?"

వకీలుతో మాట్లాడి చెబుతానన్నాడు. మాట్లాడుకో నాయనా అని మనసులో అనుకున్నాను. మా ఆయన పక్కనే ఉండి అంతా విన్నారు. కేసు పెడితే ఏం చేద్దాం అని అడిగారు. కోర్టుకు వెళ్దాం, ఆ మెట్లు నాకు కొత్త కాదు అన్నాను. ఆయన కంప్యూటర్ కెమెరా పనిచేస్తుందో లేదో చూడ్డానికి కూర్చున్నారు.

రెండు నిమిషాలు

బిల్లు గురించి నా అభిప్రాయం ఇక్కడ చెప్పేస్తాను. దాన్ని వ్యతిరేకించేవాళ్లు ఒక మాట అంటారు. తప్పు ఆ ముక్కది, పిస్తోలుది కాదు, ముక్కను ఎప్పుడో నిషేధించారు కదా అని. నిషేధించారు, నిజమే. అది గోరంత ఉంటుంది, ఏ పార్సిల్లోనైనా దూరుతుంది, ఇప్పుడు ఇంట్లో యంత్రం పెట్టుకుని తయారుచేసేవాళ్లూ ఉన్నారు. పిస్తోలు మాత్రం లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీలో, అడ్రసు ఉన్న చోట తయారవుతుంది. ఎక్కడ పట్టుకోగలమో అక్కడ పట్టుకోవాలి. చట్టాన్ని పాటించి తుపాకీ కొనుక్కున్నవాళ్లను దొంగల్లా చూస్తున్నారని ఇంకొందరి బాధ. వాళ్లలో చాలామంది నాకు తెలుసు, షూటింగ్ క్లబ్బుల మనుషులు, నాకన్నా జాగ్రత్తపరులు. వాళ్ల పిస్తోలు వెనకభాగం మరోలా ఉంటే వాళ్ల గురి ఏమీ తప్పదు.

అక్కడ పొద్దున్న, మాకు సాయంత్రం. వంటింటి బల్ల ముందు ఇస్త్రీ చేసిన చీరలో కూర్చున్నాను. శ్రావణి సెలవు పెట్టి వచ్చి నా పక్కనే, కెమెరాకు కనబడకుండా కూర్చుంది. మొదటి వాక్యం ముందే రాసిపెట్టుకున్నాను. మీరు చూసిన కాగితంలో ఒక తప్పు ఉంది, అది నాది. తర్వాత పెట్టె గురించి చెప్పాను, పార్సిల్ గురించి చెప్పాను, ఫ్రావ్ ఐదన్ కుడిచెయ్యి గురించి చెప్పాను. ఆ ముక్క అతకని పిస్తోళ్లు నా బల్లమీదికి వచ్చాయని చెప్పాను. గంట మోగింది.

బిల్లును వ్యతిరేకిస్తున్న ఒక సభ్యుడు మైకు తీసుకున్నాడు. తెల్లజుట్టు, నెమ్మదైన మనిషి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మీరు ఆ రోజు సరిగా పరీక్షించలేదా అని అడిగాడు. సరిగానే పరీక్షించాను, ప్రశ్నే చాలలేదు, చాలని ప్రశ్నకు సంతకం పెట్టింది నేను అన్నాను. అలాగైతే ఈ కాగితాన్ని మా రికార్డులోంచి తీసేయమంటారా అన్నాడు. నాకు మేలు చేస్తున్నట్టే అడిగాడు.

"వద్దండీ. ఉంచండి," అన్నాను. "తీసేస్తే నేను ఏ తప్పూ చేయనట్టు అవుతుంది. దాని పక్కన ఇవాళ నేను చెప్పింది కూడా పెట్టండి. చదివేవాళ్లకు రెండూ కనబడాలి."

అధ్యక్షురాలు నాకు థాంక్స్ చెప్పి తర్వాతివాళ్లను పిలిచింది. తెర నల్లబడింది. శ్రావణి లేచి టీ పెట్టింది. ఇది రాసే సమయానికి ఓటింగు ఇంకా జరగలేదు. గెలుస్తారో ఓడతారో నాకు తెలియదు. కంపెనీ తరఫు మనిషి మాత్రం ఆ తర్వాతి విచారణలో నా కాగితాన్ని తెరమీద వేయలేదు.

నేను కమిటీ ముందు మాట్లాడిన మర్నాడు ఆ వీధికి వెళ్లాను, ఇన్నేళ్లకు. కుట్టుపని దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. ఫ్రావ్ ఐదన్ కూతురి దగ్గరకు బెర్లిన్ వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. అడ్రసు కనుక్కుని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆలస్యంగా విప్పిన కుట్టుకు ఆమె నన్ను మెచ్చుకోవాలని నేను అడగడం లేదు.

వారం తర్వాత ల్యాబు వకీలు నుంచి కవరు వచ్చింది. లోపల ఒకటే పేజీ. ఉద్యోగకాలంలో నాకు తెలిసిన ఏ సంగతినీ ఇకపై ఎక్కడా, ఏ రూపంలోనూ, ఏ భాషలోనూ మాట్లాడననీ, రాయననీ ఒప్పుకుంటున్నాను అని అందులో ఉంది. కింద సంతకానికి ఒక గీత. ఎక్కడ పెట్టాలో తెలియదేమోనని గీత పక్కన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు కూడా పెట్టారు. పద్నాలుగు రోజుల్లో పంపకపోతే కోర్టులో కలుద్దాం అని మర్యాదగా రాశారు.

ముందు పూర్తిగా చదివాను. తర్వాత మరోసారి చదివాను. పేజీ వెనకవైపు తెల్లగా ఉంది. దాన్ని తిరగేసి, కలం తీసుకుని, ఇది రాయడం మొదలుపెట్టాను. తెలుగులో.